అప్పతో బీచ్ రోడ్డు మీద ఒక ఉదయం: మన ఒడ్డు నిజంగా వెనక్కి జరిగిందా?

వాల్తేరు_తమ్ముడు (చర్చ ప్రారంభం)

మిత్రులందరికీ నమస్కారం. విశాఖపట్నం సముద్రతీరం గురించి తెలిసినవారు ఈ వేదికలో చాలామంది ఉన్నారు కనుక, మా ఇంట్లో వారం రోజులుగా తెగని ఒక మాటను ఇక్కడ ఉంచుతున్నాను.

సంక్రాంతికి మా అప్ప వచ్చింది. ఉత్తరాంధ్రలో అక్కను మేము అప్ప అనే పిలుస్తాం. 1991లో పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిన తరువాత ఆమె చాలాసార్లు పుట్టింటికి వచ్చింది గాని, వచ్చిన ప్రతిసారీ పెళ్ళో, పురుడో, అమ్మను ఆసుపత్రిలో చూసుకోవడమో తప్ప, తీరిగ్గా సముద్రం ఒడ్డున నడిచిన రోజు ఒక్కటీ లేదు. ఈసారి అమ్మా నాన్నా లేరు, చేయవలసిన పనులూ లేవు. కనుమ వెళ్ళిన మర్నాడు చీకటి ఉండగానే లేచి, రేవు వైపున్న కోస్టల్ బ్యాటరీ దగ్గర ఆటో దిగి, ఉత్తరాన మత్స్యకారుల వాడ అయిన పెద్ద జాలరిపేట వైపు నడవడం మొదలుపెట్టాం. తెల్లవారుజామున ఆ రోడ్డు మీదికి వాహనాలను రానివ్వరు కనుక రోడ్డంతా నడిచేవాళ్ళదే. ఆమె మోకాలికి రెండేళ్ళ క్రితం శస్త్రచికిత్స జరిగింది. అందువల్ల కాసేపు నడిచి, కాసేపు పిట్టగోడ మీద కూర్చుని, మళ్ళీ నడిచి, మామూలుగా గంటలో అయిపోయే దారికి మేము దాదాపు మూడు గంటలు తీసుకున్నాం. చిన్నప్పుడు నాన్నతో నడిచిన వేగం కూడా అదేనని అప్ప అన్నది.

ఆమె చూపు నేను రోజూ చూసేవాటి మీద కాకుండా, నేను చూడడం మానేసిన వాటి మీద పడుతూ వచ్చింది. విశాఖ మ్యూజియం దగ్గర ఆగి, ఈ పాత డచ్చి బంగళా అప్పట్లో తాళం వేసి ఉండేదని గుర్తు చేసుకున్నది. అది ప్రదర్శనశాలగా తెరుచుకున్నది 1991 అక్టోబరులో, అంటే ఆమె ఊరు విడిచిన ఏడాదే. కుర్సురా జలాంతర్గామి దగ్గర చాలాసేపు నిలబడ్డాం. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన ఆ జలాంతర్గామిని ఇసుక మీదికి చేర్చి 2002 ఆగస్టులో ప్రదర్శనశాలగా మార్చినప్పుడు, చూడడానికి మొదటి వారంలోనే నేను నాన్నను తీసుకువెళ్ళాను. నాన్న షిప్‌యార్డులో వెల్డరుగా పనిచేసి విరమించారు. లోపలి యంత్రాలన్నీ అందరూ చూస్తుంటే, ఆయన మాత్రం తొంభై మీటర్ల పొడవున్న ఆ ఒంటి మీది అతుకులను చేత్తో తడుముతూ చివరిదాకా నడిచారు. ఈ సంగతి అప్పకు ఇంతవరకూ నేను చెప్పలేదని అక్కడ నిలబడ్డాకే తెలిసింది. విన్న తరువాత ఆమె కూడా అలాగే చేయి ఆనించి కొంతదూరం నడిచింది.

అసలు పేచీ రామకృష్ణా బీచ్‌లో కాళికాదేవి గుడికి ఎదురుగా మెట్ల దగ్గర వచ్చింది. అప్ప మెట్ల మీద కూర్చుని సముద్రం వైపు చూసి, “ఒడ్డు సగానికి సగం పోయిందిరా” అన్నది. మా చిన్నతనంలో అమ్మ ఈ మెట్ల దగ్గర కూర్చుని పిలిస్తే అలల దగ్గరున్న మాకు వినిపించేది కాదని, అందుకే నాన్న తెల్ల తువ్వాలు ఊపి రమ్మని సైగ చేసేవారని ఆమె జ్ఞాపకం. నా జ్ఞాపకం దీనికి పూర్తిగా విరుద్ధం. నాకు ఏడేళ్ళప్పుడు ఇంచుమించు ఇదే చోట, మెట్లకు పది అంగల దూరంలో విడిచిన నా చెప్పును అల తీసుకుపోయింది. ఇసుకలోంచి నల్లటి రాళ్ళు బయటికి కనిపించడం కూడా నాకు బాగా గుర్తు. ఆమె అసలు రాళ్ళే లేవంటుంది. ఇద్దరం ఒకే తల్లి బిడ్డలం, ఒకే సాయంత్రాలు ఇక్కడ గడిపాం, మా మధ్య నాలుగేళ్ళే తేడా. ఒక్కటే ఒడ్డు మాకు రెండు విధాలుగా ఎలా గుర్తుండిపోయిందో, నిజంగా ఇసుక తగ్గిందో లేదో తెలిసినవారు చెప్పగలరా?

ఇసుకమేట

తమ్ముడు గారూ, పూడిక తీసే ఓడల మీద ముప్పై ఏళ్ళు పనిచేసి విరమించినవాడిని కనుక, తెలిసినంత వివరంగా రాస్తాను. ముందుగా ఒక్క మాట. మీ అప్పగారి జ్ఞాపకమూ మీ జ్ఞాపకమూ రెండూ నిజమే అయి ఉండవచ్చు.

మన తూర్పు తీరంలో ఇసుక ఒకచోట నిలవదు. అలలు ఒడ్డుకు నేరుగా కాకుండా ఏటవాలుగా వచ్చి తగులుతాయి కనుక, ప్రతి అలా కొంత ఇసుకను పక్కకు జరుపుతుంది. నైరుతి గాలులు వీచే కాలమంతా ఈ కదలిక ఉత్తరం వైపు, అంటే భీమిలి వైపు సాగుతుంది. ఈశాన్య గాలుల కాలంలో కొంత వెనక్కి, దక్షిణానికి వస్తుంది. ఏడాది మొత్తం మీద లెక్క చూస్తే ఉత్తరానికి పోయేదే చాలా ఎక్కువ. దీనికి తోడు, ఒకే చోట కూడా ఇసుక మట్టం ఏడాదిలో ఒక కాలంలో దిగిపోయి, మరొక కాలంలో తిరిగి మేట వేస్తుంది. 1950వ దశకంలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికా సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్, ఇక్కడి పరిశోధకులతో కలిసి వాల్తేరు తీరంలోనే ఈ కోత, మేటల చక్రాన్ని కొలిచి ప్రచురించారు. మట్టం దిగిన రోజుల్లో రాళ్ళు బయటపడతాయి, మేట వేసినప్పుడు అవే రాళ్ళు కనిపించకుండా పోతాయి. మీ చెప్పు పోయిన రోజు మొదటి రకం, నాన్నగారు తువ్వాలు ఊపిన సాయంత్రాలు రెండవ రకం కావచ్చు.

అయితే ఇంతటితో సరిపెట్టుకుంటే అప్పగారికి అన్యాయం చేసినట్టవుతుంది. ఈ సహజమైన చక్రం మీద మనుషుల పని ఒకటి వచ్చి కూర్చున్నది. మన రేవు 1933లో తెరుచుకున్నది. ఉత్తరానికి పోయే ఇసుక ప్రవేశమార్గంలో పడి పూడ్చివేయకుండా అప్పుడే రెండు పాత ఓడలను రాళ్ళతో నింపి ముంచి అడ్డుకట్ట చేశారు. తరువాత 1970లలో బయటి హార్బరు కట్టినప్పుడు సముద్రంలోకి ఇంకా పొడవైన రాతి కట్టలు వచ్చాయి. దక్షిణం నుంచి నడిచి వచ్చే ఇసుకకు ఆ కట్టలే గోడ. ఇసుక ఆ గోడకు దక్షిణాన ఆగిపోతుంది. గోడకు ఉత్తరాన ఉన్న కోస్టల్ బ్యాటరీ, రామకృష్ణా బీచ్‌ల దగ్గర మాత్రం అలలు తమ పని ఆపవు. ఉన్న ఇసుకను ఉత్తరానికి పంపుతూనే ఉంటాయి, కొత్త ఇసుక మాత్రం రాదు. అందువల్ల ఆగిపోయిన ఇసుకను డ్రెడ్జరుతో, అంటే పూడిక తీసే ఓడతో తోడి, సముద్రపు నీటితో కలిపి, పెద్ద ఇనుప గొట్టాల గుండా ఇవతలి ఒడ్డుకు పోయిస్తారు. కోస్టల్ బ్యాటరీ దగ్గర నల్లటి బురదనీరు చిమ్ముతున్న గొట్టాన్ని చూసి, ఊరి మురుగు సముద్రంలోకి వదులుతున్నారని ముక్కు మూసుకుని వెళ్ళేవారిని నేను చాలామందిని చూశాను. అది మురుగు కాదు, ఒడ్డుకు పెట్టే తిండి. ఆ పోత ఆలస్యమైన సంవత్సరంలో ఒడ్డు చిక్కిపోతుంది, సమయానికి జరిగినప్పుడు మళ్ళీ కండ పడుతుంది.

కాబట్టి మీరు నడిచిన ఇసుకలో కొంత భాగం అలలు తెచ్చినదీ, కొంత భాగం మావంటివాళ్ళు మోసినదీ.

మెరీనా_నడక

ఇసుకమేట గారి మాటలు చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మూడు తరాలుగా మా కుటుంబం చెన్నైలో ఉంటున్నది. ప్రతి ఆదివారం మా చెల్లెలూ నేనూ మెరీనాలో నడుస్తాం. మా ఒడ్డు మీ ఒడ్డుకు సరిగ్గా తిరగేసిన బొమ్మ. చెన్నై రేవు గోడల నిర్మాణం 1870లలో మొదలైంది. మెరీనా ఆ రేవుకు దక్షిణాన ఉన్నది కనుక, ఉత్తరానికి పోవలసిన ఇసుక అక్కడ ఆగి, ఏటికేడు పేరుకుని, ఇప్పుడు రోడ్డు దిగిన తరువాత నీళ్ళు చేరడానికి చాలాసేపు నడవవలసినంత వెడల్పైంది. మా తాతగారి చిన్నతనానికే అది వెడల్పైన బీచి. అదంతా ప్రకృతి ఇచ్చినదేనని మేము చాలాకాలం అనుకున్నాం. రేవుకు ఉత్తరాన ఉన్న రాయపురం వైపు వెళితే బండరాళ్ళు పోసిన గట్టే తప్ప ఇసుక దాదాపు కనిపించదు. మేము వేరుశనగలు తింటూ నడిచే ఇసుక, ఉత్తరాన ఉన్న మత్స్యకారులకు అందవలసిన ఇసుక అని తెలిసిన రోజున మా చెల్లెలు చాలాసేపు మాట్లాడలేదు.

కైలాసగిరి_నీడ

హుద్‌హుద్‌ను మరిచిపోకండి. 2014 అక్టోబరు 12న ఆ తుపాను సరిగ్గా మన ఊరి మీదే తీరం దాటింది. మరుసటి రోజు మా అన్నయ్యా నేనూ బీచ్ రోడ్డుకు వెళితే, కాలిబాట పలకలు లేచి రోడ్డుకు అడ్డంగా పడి ఉన్నాయి, ఇసుక ఇళ్ళ గేట్ల దాకా వచ్చింది, కైలాసగిరి మీద పచ్చదనం ఒక్క రాత్రిలో మాడినట్టు గోధుమరంగుకు మారింది. అన్నయ్య ఊరంతటికీ గుండు చేసినట్టున్నదని ఏడ్చాడు. ఇప్పుడు మీరు నడిచిన కాలిబాటలో చాలా భాగం ఆ తరువాత, 2016లో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష జరిగే నాటికి బాగు చేసినదే. మీ అప్పగారు చూసిన పాత ఒడ్డుకూ ఇప్పటి ఒడ్డుకూ మధ్య ఆ ఒక్క రోజు కూడా ఉన్నది.

గట్టు_మీద_సాయంత్రం

నేను ఈ చర్చలో అందరికన్నా చిన్నదాన్నేమో. మాట కొంచెం వేరుగా ఉంటుంది, క్షమించండి. పెద్దలు రాసినవన్నీ చదువుతుంటే మారినదంతా పోగొట్టుకున్నదే అన్న భావం కలుగుతున్నది. నేను, మా అక్క సాయంత్రం ఉద్యోగాలు ముగించుకుని రాత్రి తొమ్మిది దాటాక కూడా ఆ రోడ్డు మీద నడుస్తాం. మా అమ్మ యవ్వనంలో దీపాలు పెట్టే వేళ దాటితే ఆడపిల్లలు అటు వెళ్ళేవారు కారని ఆమే చెబుతుంది. వెలుగు, వెడల్పైన కాలిబాట, పక్కన మనుషుల అలికిడి ఉండబట్టే మాకు ఆ తీరం దక్కింది. మురీ మిక్స్చరు పొట్లం పట్టుకుని గట్టు మీద కూర్చుని మేము మాట్లాడుకునే మాటలు ఇంట్లో ఎక్కడా మాట్లాడుకోలేం. రోడ్డుకు అవతల 2017 నుంచి ప్రదర్శనకు ఉన్న టీయూ-142 అనే పాత నౌకాదళ విమానాన్ని చూడడానికి వచ్చే పిల్లల ఉత్సాహం కూడా నాకు ఆ ఒడ్డులో భాగమే. ఇసుక తగ్గితే బాధపడదాం, కానీ కట్టినవన్నీ తప్పని అనుకోవద్దని నా మనవి.

వాల్తేరు_తమ్ముడు

గట్టు మీద సాయంత్రం గారూ, క్షమాపణ అవసరం లేదమ్మా. మీ మాట చదివి వినిపిస్తే మా అప్ప వెంటనే ఒప్పుకున్నది. ఆమెకు పదిహేనేళ్ళప్పుడు నాన్న తోడు లేకుండా ఒక్కసారి కూడా ఇక్కడికి రానివ్వలేదని, స్నేహితురాలితో వస్తానంటే ఇంట్లో రెండు రోజులు గొడవ జరిగిందని అప్పుడే చెప్పింది. అది కూడా నాకు తెలియని సంగతే. అప్పుడు నాకు పదకొండేళ్ళు, నేను ఒక్కడినే సైకిలు మీద వచ్చేవాడిని.

ఇసుకమేట గారూ, మీరు రాసింది అప్ప రెండుసార్లు చదివించుకున్నది. గొట్టం సంగతి విని, అయితే మనం నడిచిన ఇసుక నాన్న షిప్‌యార్డు ఉన్న వైపు నుంచే వచ్చిందన్నమాట అని చాలా సంతోషించింది.

జాలరిపేట_ఆడపడుచు

ఈ చర్చ మొదట్లోనే మా ఊరి వైపు నడక ఉన్నది కనుక నేను కూడా రాయాలి. పెద్ద జాలరిపేటలో పుట్టాను, ఇప్పుడు బడిలో పాఠాలు చెబుతున్నాను. మా నాన్న, ఇద్దరు అన్నదమ్ములు సముద్రం మీదికి వెళ్ళేవారే.

మీ అందరికీ ఒడ్డు నడవడానికి కావాలి. మాకు అది పెరడు, కళ్ళం, పనిముట్ల గది. పడవలను పైకి లాగి ఉంచడానికి ఇసుక కావాలి. వల పరిచి చిరుగులు వేసుకోవడానికి ఇసుక కావాలి. నెత్తళ్ళు, కవ్వలు వంటి చిన్న చేపలు ఎండబెట్టడానికి ఇసుక కావాలి. నా చిన్నప్పుడు తీరం నుంచే వేసి లాగే పెద్ద వలను రెండు వైపులా ఇరవై ముప్పై మంది పట్టుకుని, పాట పాడుతూ వెనక్కి నడిచేవారు. ఆ నడకకు వెనక ఎంత ఇసుక ఉండాలో ఆలోచించండి. వల లాగేవాళ్ళకు ఒక్కొక్క అంగా లెక్కే. మా వాడలో ఇసుక దిగిపోయిన ఏడాది పడవలు ఇళ్ళ గుమ్మాల దాకా ఎక్కించి తాళ్ళతో కట్టుకోవలసి వచ్చేది. అందుకే ఒడ్డు తగ్గిందా పెరిగిందా అన్న ప్రశ్నకు మా నాన్న జ్ఞాపకం మీద ఆధారపడరు. ఈ ఏడాది పడవ ఎక్కడ నిలిపామో, నిరుడు ఎక్కడ నిలిపామో ఆయనకు తెలుసు.

నేను, మా తమ్ముడు కూడా నడుస్తాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర పడవల వేట ఆపేస్తారు, చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ అరవై ఒక్క రోజుల్లోనే వాడికి తీరిక. వాడు ఇసుక వైపు చూడడు, నీళ్ళ రంగు చూస్తాడు. ఎక్కడ కాకులు మూగితే అక్కడికి ముందు వెళతాడు. చనిపోయి కొట్టుకొచ్చిన తాబేలు కనబడితే ఆగిపోతాడు. శీతాకాలంలో గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వలల్లో చిక్కి ఊపిరాడక చనిపోతాయి. ఆ పాపం మాదేనని వాడు దాచకుండా చెబుతాడు. అవి గుడ్లు పెట్టడానికి కూడా మెత్తటి, వెడల్పైన ఇసుకే కావాలి. గుడ్లను ఏరి కంచె వేసిన చోట పాతిపెట్టి, పిల్లలు బయటికి వచ్చాక సముద్రంలోకి వదిలే పని మన తీరంలో జరుగుతున్నది. మా తమ్ముడు రెండేళ్ళుగా తెల్లవారుజామున ఆ పనికి సాయం వెళుతున్నాడు.

ఇంకొక్క మాట. 2023 నవంబరులో చేపల రేవులో అగ్నిప్రమాదం జరిగి దాదాపు నలభై పడవలు ఒక్క రాత్రిలో కాలిపోయాయి. మరునాడు మా తమ్ముడూ నేనూ అక్కడికి వెళ్ళాం. మా బంధువుల పడవ ఒకటి అందులో ఉన్నది. నీళ్ళ మీద తేలుతున్న నల్లటి చెక్కల పక్కన మేము నడిచిన నడక గురించి ఇప్పటికీ ఇంట్లో మాట్లాడుకోం. తీరం మారిందని ఎవరైనా అంటే, కొత్త దీపాల కన్నా ముందు నాకు అదే కళ్ళ ముందుకు వస్తుంది.

పాత_వన్‌టౌన్

ఆడపడుచు గారు రాసినదాని తరువాత రాయడానికి నాకు చేయి ఆడలేదు, అందుకే రెండు రోజులు ఆగాను. నాకు ఎనభై దాటాయి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేసినప్పుడు మా అమ్మ, మేనమామ చేతులు పట్టుకుని ఊరు విడిచి పల్లెలకు నడిచి వెళ్ళారు. నేను అప్పటికి పుట్టలేదు. ఆనాటి కాపలా బంకరు ఒకటి జోడుగుళ్ళపాలెం వైపు ఇసుకలో ఉన్నది. మా మేనమామ తన చివరి రోజుల్లో అమ్మను అక్కడికి తీసుకువెళ్ళి, ఆ సిమెంటు దిమ్మె పక్కన కూర్చోబెట్టేవారు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకునేవారు కారు. ఒడ్డు ఎంత జరిగిందో తెలుసుకోవడానికి అటువంటి కదలని గుర్తులే ఆధారం. జ్ఞాపకంలో ఇసుక కూడా అటూ ఇటూ జరుగుతుంది. తమ్ముడు గారూ, మీరు కూడా ఒక మెట్టునో, గోడ మూలనో గుర్తు పెట్టుకుని అంగలతో కొలిచి తేదీ రాసి పెట్టండి.

ఉప్పాడ_దారి

మాది కాకినాడ పక్కన ఉప్పాడ. మీ తీరంలో ఇసుక తగ్గితే దక్షిణం నుంచి తెచ్చి పోస్తున్నారని చదివి అసూయ కలిగిందని నిజాయితీగా చెబుతున్నాను. మా దగ్గర సముద్రం వీధులను తీసుకుపోయింది. ఇసుక సంచుల గొట్టాలతో కట్టిన గట్టూ, పోసిన బండరాళ్ళూ అలల పోటుకు చెదిరిపోయాయి. కాకినాడ వెళ్ళే బీచ్ రోడ్డు తుపాను వచ్చిన ప్రతిసారీ కోసుకుపోతుంది. మా అన్నయ్యా నేనూ సాయంత్రం ఆ రోడ్డు మీద నడిచినప్పుడు, అన్నయ్య నీళ్ళ వైపు చెయ్యి చాపి అదిగో అక్కడ మన నూతి గట్టు అంటాడు. అక్కడ అలలే ఉంటాయి. మాకు కొలవడానికి గుర్తు కూడా మిగలలేదు.

ఇసుకమేట

ఉప్పాడ దారి గారూ, మీ బాధకు నా దగ్గర సమాధానం లేదు. తెలిసినది మాత్రం చెబుతాను. నది ఇసుక తెచ్చి సముద్రానికి ఇస్తేనే తీరానికి ఇసుక. ఆనకట్టల వెనక ఎంత ఇసుక ఆగితే అంత తీరానికి తక్కువ. దానికి రేవుల గోడలు తోడవుతాయి. బండరాళ్ళు పోస్తే రాళ్ళ వెనక ఉన్న రోడ్డు కొంతకాలం నిలుస్తుంది గాని, రాతికి తగిలి వెనక్కి మళ్ళే అల ముందున్న ఇసుకను ఇంకా లోతుగా తవ్వుతుంది, ఆ రాళ్ళు ఎక్కడ ఆగితే ఆ చివర నుంచి కోత మొదలవుతుంది. మా ఊళ్ళో చేసేది కూడా శాశ్వతమైన పరిష్కారం కాదు, ఏటా చేయవలసిన సేవ. ఒక ఏడాది మానేస్తే ఏమవుతుందో కోస్టల్ బ్యాటరీ దగ్గర నేను కళ్ళారా చూశాను.

తమ్ముడు గారు కొలవాలనుకుంటే ఒక సూచన. పోటు సమయంలో ఒకసారి, పాటు సమయంలో మరొకసారి కొలిస్తే లెక్కలు కలవవు. పౌర్ణమికీ అష్టమికీ తేడా ఉంటుంది. ఎప్పుడు కొలిచినా ఒకే తిథికి దగ్గరగా, నీళ్ళు బాగా వెనక్కి తగ్గిన వేళ చూసి కొలవండి. కనీసం ఒక ఏడాది పాటు, నెలకొకసారి.

వాల్తేరు_తమ్ముడు

అందరికీ మా ఇద్దరి తరఫునా నమస్కారాలు. అప్ప నిన్న రాత్రి రైలెక్కింది. వెళ్ళే ముందు మేము చేసిన పని మీకు చెప్పాలి.

పాత వన్‌టౌన్ గారు చెప్పినట్టు ఒక గుర్తు ఎంచుకున్నాం. కాళికాదేవి గుడికి ఎదురుగా ఉన్న మెట్లలో అన్నింటికన్నా కింది మెట్టు, కుడి చివర. ఇసుకమేట గారు చెప్పినట్టు నీళ్ళు వెనక్కి తగ్గే వేళ చూసుకుని వెళ్ళాం. నేను కొలుస్తానంటే అప్ప ఒప్పుకోలేదు. తువ్వాలు ఊపిన దూరం తన జ్ఞాపకం కనుక తన అంగలే లెక్క అన్నది. మోకాలి వల్ల ఆమె అంగ ఇప్పుడు చిన్నదైంది. నేను పక్కనే నడుస్తూ లెక్కపెట్టాను. తడి ఇసుక అంచు చేరేసరికి ఎనభై మూడు అంగలు. అక్కడ ఆమె వెనక్కి తిరిగి నిలబడి, నన్ను మెట్ల దగ్గరికి వెళ్ళి పిలవమన్నది. వెళ్ళి నిలబడి, “అప్పా” అని గట్టిగా పిలిచాను. అలల హోరులో ఆమెకు వినిపించలేదు. రెండవసారి ఇంకా గట్టిగా పిలిచాను. పక్కన నడుస్తున్నవాళ్ళు తిరిగి చూశారు గాని ఆమె చూడలేదు. చివరికి మెడలోని మఫ్లరు తీసి ఊపితే అప్పుడు చెయ్యెత్తింది.

తరువాత ఇద్దరం పెద్ద జాలరిపేట దాకా నడిచాం. ఆడపడుచు గారూ, అక్కడ పడవలు ఎక్కడ నిలిపి ఉన్నాయో ఈసారి చూశాం. ఒక పడవ నీడలో వల బాగుచేస్తున్న పెద్దాయన పక్కన అప్ప చాలాసేపు కూర్చున్నది. నిరుడు ఈ పడవ ఎక్కడ ఉండేదని అడిగింది. ఆయన లేచి, నీళ్ళ వైపు పదిహేను అంగలు నడిచి, మడమతో ఇసుకలో గీత గీసి చూపించారు.

ఆ ఎనభై మూడూ, ఈ పదిహేనూ, తిథీ, వేళా మా ఇంటి గోడ మీది క్యాలెండరులో అప్ప తన చేతిరాతతో రాసి వెళ్ళింది. ఇక మీదట నెలకొకసారి నేను వెళ్ళి ఆమె అంగ కొలతతోనే నడిచి ఫోనులో చెప్పాలని మాట తీసుకున్నది. నా అంగ ఆమె అంగకు సరిపోవడానికి ఆమె తన ఒక అంగ పొడవున నూలుతాడు కత్తిరించి ఇచ్చింది. వచ్చే నెల లెక్క ఇక్కడ రాస్తాను. మీలో ఎవరైనా మీ మీ ఒడ్డుల దగ్గర ఇటువంటి కొలత మొదలుపెడితే, దయచేసి గుర్తూ తిథీ కూడా రాయండి.